వరండా పొడవునా తాడు

అత్త బుచ్చవ్వ నీళ్లు తాగడం మానేసిందన్న సంగతి మంగకు ఆసుపత్రిలో తెలిసింది. పొద్దున కళ్లు తిరిగి గుమ్మంలో పడిపోతే, మంగా, ఆమె భర్త కమలాకరూ కలిసి ముసలామెను ఆటోలో తీసుకుపోయారు. ఒంట్లో నీళ్లు లేవు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందన్నాడు డాక్టరు.

ఇంటికి వచ్చాక మంగ అడిగింది. "ఎందుకు తాగుతలేవత్తా? బిందెల నీళ్లు నీ పక్కకే ఉంటయి గదా."

బుచ్చవ్వ గోడవైపు తిరిగింది.

"తాగితే పోవాలె. పోవాలంటే నిన్ను పిలువాలె," అంది.

పొట్టకూటికి వలస వచ్చిన వడోద్‌లో వాళ్లుండేది ఒక మరమగ్గాల కారఖానా పైన, మేడమీది వరుస గదుల్లో ఒకటి. గదులన్నిటి ముందు ఒకటే పొడుగాటి వరండా. దాని కొసన నల్లాలూ, అందరికీ కలిపి కట్టిన మరుగుదొడ్లూ. షుగరుతో బుచ్చవ్వ చూపు పూర్తిగా పోయినప్పటి నుంచి మంగే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తెచ్చేది. మంగ ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అంటించే పని చేస్తుంది. జిగురు చుక్కలు పెట్టాక అవి ఆరేలోపే రాళ్లు అద్దాలి. మధ్యలో లేస్తే జిగురంతా గట్టిపడిపోతుంది. మంగ ఏనాడూ విసుక్కోలేదు. కానీ తిరిగొచ్చాక ఎండిన జిగురును ఆమె గోటితో గీకుతుంటే ఆ చప్పుడు బుచ్చవ్వకు వినిపించేది.

మర్నాడు కమలాకర్ బజారు నుంచి ఒక కర్ర కొనుక్కొచ్చాడు. చూపు లేనివాళ్లు పట్టుకునే తెల్ల కర్ర, మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీదైతే పనికొచ్చేదేమో. ఈ వరండాలో మాత్రం ప్రతి గుమ్మం ముందూ చెప్పులు, బకెట్లు, కడిగి బోర్లించిన గిన్నెలు. బుచ్చవ్వ కర్ర కదిపినప్పుడల్లా ఏదో ఒకటి దొర్లి మోగేది, ఎవరో ఒకరు తొంగి చూసేవారు. రెండోపూటకే ఆమె దాన్ని మంచం కిందికి నెట్టేసింది.

"నేను పోతున్నట్టు ఊరంత చాటింపెయ్యాల్నారా?" అంది కొడుకుతో.

కమలాకర్ సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే కారఖానాలో నేసిన బట్ట అంచుల వెంట కత్తిరించి పడేసే సన్నటి పట్టీలు గుట్టలు గుట్టలుగా పోగవుతాయి. మూటలు కట్టడానికీ, పరుపుల్లో కూరడానికీ తప్ప వాటిని ఎవరూ లెక్కచేయరు. మంగ ఒక సంచి నిండా తెప్పించుకుంది. జడలా అల్లి గట్టి తాడు చేసింది. కమలాకర్ తమ గది గుమ్మం నుంచి మరుగుదొడ్ల దాకా వరండా పిట్టగోడకు మేకులు కొట్టి, నడుమెత్తున ఆ తాడు బిగించాడు. ఇద్దరూ సంబరంగా బుచ్చవ్వ చేతిని తాడు మీద పెట్టారు.

ఆమె ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది.

"గిట్ల బర్రె లెక్క కట్టేస్తరా నన్ను?"

కమలాకర్ ఏదో చెప్పబోతే మంగ కళ్లతోనే వారించింది. తాడు విప్పలేదు, పట్టుకొమ్మని మళ్లీ అడగనూ లేదు. ఎప్పటిలాగే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లసాగింది.

కొన్నాళ్లకు, పని పూర్తయిన చీరలు సేఠ్‌కు అప్పజెప్పడానికి మంగ వెళ్లాల్సి వచ్చింది. అక్కడ ఆలస్యమైంది. అత్త ఎంత ఇబ్బంది పడుతోందో అని పరుగులాంటి నడకతో వచ్చేసరికి, బుచ్చవ్వ మంచం మీద ముఖం ముడుచుకుని కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి.

"ఆ తాడు మంచిగ లేదు," అంది.

మంగ పక్కన కూర్చుంది. "ఏమైందత్తా?"

"మెట్టు యాడున్నదో చెప్తలేదు. మొగోళ్ల తలుపేదో ఆడోళ్ల తలుపేదో ఎర్కనే అయితలేదు. ఉత్త తాడు కడితె సరిపోతదా?"

మంగకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చీరల పనిలో మిగిలిన గుడ్డముక్కల మూట తెచ్చి అత్త ఒళ్లో గుమ్మరించింది. బుచ్చవ్వ ఒక్కొక్కటీ వేళ్ల మధ్య నలిపి చూసింది. గరుకు జరీ ముక్క మెట్టుకు అంది. మెత్తటి మఖ్మల్ ఆడవాళ్ల తలుపుకు. నల్లాల దగ్గర నేల జారుతుంది కాబట్టి అక్కడ లావుపాటి ముడి. మంగ భుజం పట్టుకుని నడుస్తూ, ఏది ఎక్కడ కట్టాలో తానే చెప్పి, కట్టాక తడిమి, రెండు చోట్ల విప్పించి మళ్లీ కట్టించింది.

ఆ మర్నాటి నుంచి ఒక్కతే వెళ్లి రావడం మొదలుపెట్టింది. బిందెలో నీళ్లు తగ్గడం మంగ గమనించింది.

ఒకరోజు వరండాలో బుచ్చవ్వ కేక వినిపించింది. "ఎవర్దిరా గీ తడి తువ్వాల? నా మెట్టు గుర్తు మీద ఆరేసిండ్రు!"

ఆ కొసన నల్లాల దగ్గర వరండా ఇంకో వరుస గదుల వైపు మలుపు తిరుగుతుంది. ఆ మలుపు అవతలి గదిలో ఉండే ఎల్లవ్వ గబగబా వచ్చి తువ్వాల తీసేసింది. "బట్టలారేసే తాడనుకున్న అక్కా. నీకు తొవ్వ అని తెల్వదు." బుచ్చవ్వ గొణుగుతూనే అక్కడే నిలబడిపోయింది. ఇద్దరిదీ దగ్గర దగ్గర ఊళ్లేనని మాటల్లో బయటపడింది. తర్వాత తాడు మీద ఎవరూ బట్టలు వేయలేదు. ఎల్లవ్వ మాత్రం బుచ్చవ్వ నల్లాల దాకా వస్తే పలకరించకుండా పోనిచ్చేది కాదు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, వెళ్లిన అత్త ఎంతకీ తిరిగి రాలేదు. మంగ జిగురు చేతులతోనే లేచింది. తాడు వెంట చివరిదాకా చూసింది. లేదు. కిందికి దిగే మెట్ల వైపు తొంగి చూసింది. అప్పుడు మలుపు అవతల నుంచి నవ్వు వినిపించింది.

ఎల్లవ్వ గదిలో, కిటికీ పక్కన, బుచ్చవ్వ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

"అత్తా! ఈడిదాక ఎట్లొచ్చినవ్? తాడు ఆడికే అయిపాయె గదా!"

"గోడ ఉన్నది గదా, పట్టుకోని వచ్చిన," అంది బుచ్చవ్వ. "ఎందుకు లేచినవే, పని పాడైతది. నువ్వు పో. నేనొస్త గని."

మంగ గదికి తిరిగొచ్చి చీర ముందు కూర్చుంది. పెట్టిన జిగురంతా గట్టిపడిపోయింది. దాన్ని గీకి మళ్లీ చుక్కలు పెట్టింది. ఇప్పుడెవరూ పిలవరు. రాళ్ల వరస ముగిసేదాకా లేవక్కర్లేదు. అయినా చాలాసేపు ఆమె చెవి వరండా వైపే ఉంది. కింది సాంచెల మోతలో ఏమీ వినబడలేదు. ఒక్కో రాయీ తీసి అద్దుకుంటూ పోయింది.