అంటింటి పాటల పెట్టె

నాకు కోపమెక్కువని మావాళ్లందరూ అంటారు. అననివ్వండి. మా అన్న చంద్రప్పకు మాత్రం ఊర్లో శాంతమూర్తి అని పేరు. గొంతు పెంచడు, తిట్టడు, చెయ్యెత్తడు. మెల్లగా వచ్చి వైరు పీకేసి పోతాడు, అంతే.

మా అమ్మ చౌడక్క పాటగత్తె. అమరాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఆమె పాట లేకుండా నలుగు పెట్టిన పెండ్లి లేదు. పెండ్లికూతురు ఏ వైపుదైతే ఆ భాషలో పాడేది, తెలుగైనా సరే, కన్నడమైనా సరే. ఊరికి పోయినప్పుడల్లా ఆ పాటలు ఫోనులో పట్టుకునేదాన్ని. వాటిలో కోళ్లు కూస్తుంటాయి, గిన్నెలు మోగుతుంటాయి. ఒక పాటలో అయితే చరణం మధ్యలో "ఒసేయ్, ఆ దూడను కట్టేయండే, కుడితంతా తాగేస్తాండాది!" అని కేకేసి, మళ్లీ వదిలిన చోటే అందుకుంటుంది. నాకు ఆ పాటంటే ప్రాణం.

వాటిని ఎవరిదో యాప్‌లో పెట్టి, నడుమ సబ్బుల ప్రకటనలు వినడం నాకు ఇష్టం లేకపోయింది. ఎర్రమంచి దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునే పని నాది, కాపురం పెనుకొండలో. పాటలు దాచి ఫోన్లకు పంపే కంప్యూటరు, అదే సర్వర్, సొంతంగా పెట్టుకోవచ్చని తెలుసు. ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడివాళ్లు బిల్లులు కొట్టి కొట్టి మూల పడేసిన చిన్న కంప్యూటరు కొన్నాను. అమ్మ ఉండేది అన్న దగ్గర, ఫైబర్ కనెక్షన్ ఉన్నదీ ఆ ఇంట్లోనే. అందుకని అక్కడే టీవీ బల్ల కింద పెట్టాను. పాటలన్నీ ఎక్కించి తెరిచి చూస్తే, పాడిన మనిషి పేరు దగ్గర 'అన్‌నోన్ ఆర్టిస్ట్' అని చూపించింది. ఒళ్లు మండిపోయింది. మా అమ్మ ఎవరో తెలియని మనిషంట! కూర్చుని ప్రతి పాటకూ చౌడక్క, చౌడక్క అని పేరు కొట్టాను.

తర్వాత ఇంకో తంటా. ఇంటి వైఫై ఉన్నంతవరకు పాట బ్రహ్మాండంగా వచ్చేది, వీధిలోకి అడుగుపెడితే చాలు, నోరు మూసుకునేది. బయటినుంచి వచ్చేవాళ్లకు రౌటర్లో దారి తెరిచి, పాస్‌వర్డు పెట్టి, అది పనిచేయక మళ్లీ మొదటికొచ్చి, ఆదివారమంతా దానికే సరిపోయింది. చివరికి ఊరి బస్టాపులో నిలబడి నొక్కితే అమ్మ గొంతు వచ్చింది. ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

"యాడ పెట్టినావు నీలా, ఇన్ని పాటలు?" అని అడిగాడు అన్న.

"ఈడనేన్నా. మనింట్లోనే ఉంటాయి, యాడికీ పోవు. ఎవురు యాడ విన్నా పాట ఈ పెట్టెలోంచే పోవల్ల."

ఎంత గొప్పగా చెప్పానో! ఆ మాట నా నెత్తినే పడుతుందని నాకేం తెలుసు.

మొన్న ఎండాకాలంలో అమ్మకు పక్షవాతం వచ్చింది. హిందూపురంలో ఆస్పత్రిలో చేర్చాం. మాట పోయింది, కుడిచేయి పోయింది. గంజి నోట్లో పోస్తే పెదవి పక్కనుంచి కారిపోయేది. మింగకపోతే ఎట్లా అని డాక్టరమ్మ నన్నే కోప్పడేది. ఒకరోజు ఏమీ తోచక ఆమె పాట పెట్టాను. ఎడమచేతి వేళ్లు మంచం పట్టీ మీద తాళం వేశాయి. గబగబా చెంచా ఆనించాను. మింగింది! దూడను తిట్టే చోట పెదవి ఒక పక్కకు వంగింది. అది నవ్వే, నాకు తెలుసు. అప్పటినుంచి పాట పెట్టడం, గంజి పట్టడం. అమ్మ బతుకుతుందని నాకు గట్టి ధైర్యం వచ్చింది.

అంతలో ఊర్లో రామప్ప చిన్నాయన పోయాడు. మాకు దాయాది. పొలం గట్టు దగ్గర తగవు వచ్చినప్పటినుంచి మా అన్నకూ ఆయనకూ మాటల్లేవు, ఎదురుపడితే అన్న తల తిప్పుకునేవాడు. మరుసటి పొద్దున నేను గంజి కలుపుకుని ఫోను నొక్కితే, సర్వర్ దొరకడం లేదని వచ్చింది. కరెంటు పోయిందేమోనని అన్నకు ఫోను చేశాను.

"కరెంటు ఉండాది. నేనే పీకేసినా," అన్నాడు. "చిన్నాయన పోయినాడు కదమ్మా. మనకు అంటు."

చావు మైల వచ్చిన ఇంట్లో దివసం, అంటే పెద్దకర్మ, అయ్యేదాకా పాట వినపడకూడదు. అది నాకూ తెలుసు.

"పెట్టెకు గొంతు లేదన్నా! ఆడ చప్పుడే రాదు. పాట వినపడేది ఈడ, ఆస్పత్రిలో, నా ఫోన్లో."

"యాడ వినపడితే ఏముండాది? పోయేది ఈ ఇంట్లోంచే కదా. నువ్వే చెప్తివి, పాటంతా ఈడనే ఉండాది, ఈడనుంచే పోతాదని. అంటింట్లోంచి పాట పంపిస్తాండాడని తెలిస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

"ఎవురు చూస్తారన్నా వైరును? పాట లేకపోతే అమ్మ తినదు!"

"అమ్మ మాత్రం ఈ ఇంటి మనిషి కాదా? ఆమెకూ అంటే. నువ్వు పెండ్లయి పోయినదానివి, నీకు లేదు. దివసం కానీ, నేనే తగిలిస్తా."

ఎంత నెమ్మదిగా చెప్పాడో. నేను అరిచాను, తిట్టాను, ఏడ్చాను. బతికుండగా ఆయన ముఖం చూడనివాడివి, చచ్చాక ఇంత భక్తి ఎక్కడినుంచి వచ్చిందని అడిగాను. ఫోను పెట్టేశాడు.

ముందే ఫోన్లోకి దించుకోవాల్సింది కదా అంటారేమో. పాటలు పట్టిన పాత ఫోను ఎప్పుడో చెడిపోయింది. ఇంట్లోనే ఉన్నాయి, ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను. పెట్టె తెమ్మని మా ఆయన వెంకటేష్‌ను పంపాను. పాపం, డ్యూటీ మానుకుని అంతదూరం పోయాడు. అంటింట్లోంచి వస్తువు గడప దాటకూడదని చెప్పి, వాకిట్లోంచే తిప్పి పంపారు.

చివరికి నేనే పాడాను. మా అమ్మ కడుపున పుట్టి నాకు రెండో చరణం రాదు. ఎన్నిసార్లు పట్టుకున్నానో ఆ పాటలు, ఒక్కటి నేర్చుకోలేదు. వచ్చిన రెండు వరుసలే తిప్పి తిప్పి పాడాను. అమ్మ నా వైపు చూసింది. వేళ్లు కొంచెం కదిలాయి, తాళం కోసం వెతుక్కున్నాయి, దొరక్క ఆగిపోయాయి. చెంచా ఆనిస్తే నోరు తెరవలేదు. ముక్కులో గొట్టం వేశారు. రామప్ప చిన్నాయన దివసం రాకముందే అమ్మ పోయింది.

పాట లేక పోయిందని ఏ డాక్టరూ రాయడు. నెమ్ము చేరిందని రాశారు. నేను పక్కనే కూర్చున్నాను, నా కళ్లతో చూశాను. నన్ను నమ్మకపోతే మానేయండి.

మూడో రోజు ఊర్లో మా వదిన వసుంధర వేన్నీళ్లు పెట్టి పిలిచింది. "తలకు పోసుకోమ్మా. పెండ్లయిన ఆడబిడ్డకు మూడు దినాలే కదా. నీకు అంటు తీరిపోయినట్లే."

అంతేనంట. కన్నతల్లికి మూడు దినాలు. పోసుకుని పెనుకొండకు వచ్చేశాను.

అమ్మ దివసం నాడు మళ్లీ పోయాను. ఇల్లంతా కడిగి, పసుపునీళ్లు చల్లి ఉన్నారు. బంధువులందరూ తిని చేతులు కడుక్కున్నాక అన్న ఎక్కడినుంచో పెద్ద స్పీకరు తెచ్చి బల్లమీద పెట్టాడు. పెట్టె తుడిచి, తానే వైరు తగిలించాడు. పచ్చలైటు వెలిగింది.

"నీలా, అంటు అయిపోయినాది. అమ్మ పాటలు పెట్టు. అందురూ అడుగుతాండారు," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నిజం నీళ్లే, కాదనను. అందుకే నాకు ఇంకా మండింది.

ఫోను తెరిచాను. చౌడక్క, చౌడక్క, చౌడక్క. వరుసగా అన్నీ ఉన్నాయి. దూడ పాట మీద వేలు పెట్టబోయి తీసేశాను. పద్ధతి ప్రకారం పెట్టెను ఆపాను. పచ్చలైటు ఆరిపోయాక వంగి వైరు లాగేశాను.

"ఏం చేస్తాండావమ్మే?"

"అంటింట్లోంచి వస్తువు గడప దాటగూడదంటివి కదన్నా. ఇప్పుడు అంటు పోయినాది. దాటిస్తాండా."

"అందురూ కూసోని ఉండారు నీలా! ఒక్క పాట పెట్టిపోవే."

"నీకు అయిపోయినాదేమోన్నా అంటు. నాకు కాలేదు."

పెట్టెను చీర కొంగులో చుట్టుకుని బస్సెక్కాను, పెనుకొండ దాకా ఒళ్లోనే పెట్టుకున్నాను. ఇప్పుడది మా బీరువా మీద ఉంది. ఇంతవరకూ వైరు తగిలించలేదు. మొన్న వెంకటేష్ అడిగాడు, పాటలు పోయాయా ఏమిటని. పోలేదు, అందులోనే ఉన్నాయి, ఎక్కడికీ పోవు అని చెప్పాను.