జొహ్రా కుర్చీ

విమానం అక్కడ దిగడానికి అనుమతి తీసుకోవాలి.
ఇక్కడి ఆసుపత్రిలో మంచం ఖాయం చేయాలి.
పాస్‌పోర్టు లేని మనిషికి ప్రయాణపత్రం తెప్పించాలి.
వెంట వెళ్ళే డాక్టరుకూ నర్సుకూ రోగి వివరాలు పంపాలి.
రోగిని ఒప్పించాలి.

చివరిది మామూలుగా మా పనుల్లో ఉండదు. గాయపడ్డవాళ్ళు రమ్మంటే వస్తారు. జొహ్రా రానంది.

నేను దేశం దాటి వచ్చి జురాంగ్ ఈస్ట్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తాను. వైద్యం దొరకని చోట్ల నుంచి రోగులను విమానంలో ఇక్కడికి తెప్పిస్తాం. ఇలాంటి కేసులకు ఖర్చు ఒక సేవాసంస్థ పెట్టుకుంటుంది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు, అందుకని ఊళ్ళో నన్ను సగం డాక్టరనుకుంటారు. నిజానికి నేను చేసేది ఫోన్లు.

జొహ్రా మిడ్‌వైఫ్. ఆమె దేశం పేరు రాయకూడదు, ఆఫీసు నిబంధన. అక్కడ యుద్ధం ఆగింది. బాంబు పడ్డ జిల్లా ఆసుపత్రిని మళ్ళీ కడుతున్నారు. ఆ పనుల మధ్య పాత గోడ ఒకటి కూలినప్పుడు ఆమె ఎడమ పాదం నలిగింది, తర్వాత చీము పట్టింది. వెంటనే వస్తే పాదం దక్కుతుందని, ఆలస్యమైతే చెప్పలేమని డాక్టర్లు రాశారు.

"అది నాకు తెలుసమ్మా," అంది ఫోన్లో. ఇద్దరం ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం, ఇద్దరికీ అది బళ్ళో నేర్చుకున్న భాషే. "కట్టు విప్పినప్పుడు వాసన వస్తోంది. నేనూ ఆసుపత్రి మనిషినే కదా."

"మరి రండి మేడమ్."

"వస్తే నా గది పోతుంది."

అక్కడ ఒక పద్ధతి పెట్టారట. ఏ గదిలో మనిషి పనిచేస్తుంటే ఆ గది ఆ విభాగానిది. ఖాళీగా కనిపిస్తే స్టోరుకో ఆఫీసుకో ఇచ్చేస్తారు. జిల్లాలో మిగిలిన మిడ్‌వైఫ్ ఈమె ఒక్కతే. అందుకని సగం కప్పు వేసిన గదిలో కుర్చీ వేసుకుని, కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. కాన్పులూ అక్కడే చేస్తోంది.

"నేను లేచిన పూటే సిమెంటు బస్తాలు తెచ్చి పడేస్తారు. ఆ తర్వాత వాటిని కదిలించేవాళ్ళుండరు. నా కాలు సంగతి మీరు చూస్తారు, సంతోషం. ఆడవాళ్ళు ఎక్కడ కనాలో అది కూడా చెప్పండి."

మా పైఅధికారి గురునాథం గారికి చెప్పాను.

"ప్రణవీ, మనం మనుషుల్ని తెస్తాం. గదులకు కాపలా పెట్టం," అన్నారు. కోపంగా కాదు.

చోవా చూ కాంగ్‌లో నేను అద్దెకుండేది నళిని ఆంటీ ఫ్లాట్‌లో. ఆవిడ ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు. ఆవిడ మాత్రం ఇక్కడే పుట్టి, ఇక్కడే మిడ్‌వైఫ్‌గా చేసి రిటైరైంది. తుఫాన్లూ భూకంపాలూ వచ్చిన చోట్లకు ఆ సేవాసంస్థ తరఫునే వెళ్ళొచ్చిన మనిషి.

ఆ శనివారం ఇద్దరం హాకర్ సెంటర్‌కి, అంటే తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటికి, వెళ్ళాం. మధ్యాహ్నం రద్దీ. ఆంటీ ఒక బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి లైన్లోకి వచ్చింది. దాన్ని ఇక్కడ చోప్ అంటారు. మా ఊరి బస్సులో కిటికీలోంచి తుండుగుడ్డ వేసినట్టే. కాకపోతే మా ఊళ్ళో గుడ్డ పక్కన పడేసి కూర్చుంటారు, గొడవవుతుంది. ఇక్కడ ట్రేలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు కూడా ఆ ప్యాకెట్‌ని చూసి వెళ్ళిపోతారు.

"ఏటమ్మా, ముకం అలాగున్నాది? ముందు మకాన్, తరవాత ఏడుపు," అంది ఆంటీ.

మకాన్ అంటే ఇక్కడ తిండి. జొహ్రా సంగతి తింటూనే చెప్పాను. ఆవిడ చెంచా పక్కన పెట్టింది.

"అంటే ఆయమ్మ చోప్ చేసి కూకున్నాదన్నమాట."

"చోప్ ఏంటాంటీ, కాలు పోతుంటే!"

"అదే కదా నాను సెప్తన్నది! మనిసే చోప్ చేసి కూకుంటే మకాన్ ఎవులు తెస్తారు? టిష్యూ పెట్టి లేవాల."

"అక్కడ టిష్యూ ఎవరు పెడతారు?"

"నాను లేనా? మోకాళ్ళరిగిపోనాయి గానీ, కూకోడానికి పనికొస్తాను లా!" అంది, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి.

రోగిని తేవడానికి వెళ్ళే విమానంలో సీటు ఖాళీగానే ఉంటుంది. సోమవారం కాగితాలు పెట్టాను. గురునాథం గారు చదివి, "ఈవిడను ఏమని రాయమంటావు?" అన్నారు.

"రోగి బదులు పని చేసే మనిషి అని రాయండి సార్."

ఆయన అలాగే రాసి సంతకం పెట్టారు. కానీ అక్కడి ప్రభుత్వం అనుమతి ఇచ్చేసరికి ఆలస్యమైంది.

తర్వాత జరిగింది విమానంలో వెళ్ళిన నర్సు చెప్పింది. స్ట్రెచర్ గదిలోకి తెచ్చినా జొహ్రా కుర్చీ వదల్లేదట. నళిని ఆంటీని ఎగాదిగా చూసి, "బిడ్డ కాళ్ళు ముందొస్తే ఏం చేస్తావు?" అని అడిగిందట.

"చేతులు కట్టుకుని ఆగుతాను. తొందరపడి లాగను," అందట ఆంటీ.

జొహ్రా అప్పుడు లేచింది.

పాదం పూర్తిగా దక్కలేదు. ముందు సగం తీసేశారు. నేను వార్డుకి వెళ్ళి, అనుమతులు తొందరగా వచ్చుంటే బాగుండేదని ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు.

"గది ఉందా?"

ఫోన్లో ఆంటీ పంపిన ఫోటో చూపించాను. ఖాళీ కుర్చీ, దాని మీద టిష్యూ ప్యాకెట్. కింద రాసింది: బాత్రూమ్‌కి పోయినా ఇది పెట్టే పోతన్నాను. ఫోటోలో సిమెంటు బస్తాలు గుమ్మం బయట, వరండాలో ఉన్నాయి. ఆ ప్యాకెట్ ఏమిటో చెప్పాక జొహ్రా నవ్వింది. నవ్వితే కుట్లు లాగుతాయని నర్సు కసిరింది.

నడక నేర్చుకున్నాక ఆమె ప్రత్యేకమైన బూటు వేసుకుని తిరిగి వెళ్ళిపోయింది. ఆంటీ కుర్చీ అప్పగించి వచ్చేసింది. ఆసుపత్రి తెరిచారు, కాన్పుల గది ఆ గదే. జొహ్రా ఇద్దరమ్మాయిలకు పని నేర్పుతోంది. వాళ్ళకు చెయ్యి తిరిగేదాకా జిల్లాకంతా ఆమె ఒక్కతే.

మొన్న ఆంటీతో ఇదంతా రాస్తానన్నాను. "నా గురించి సుమ్మా, ఊరికే వదిలెయ్. నాను టిష్యూనే కదా," అంది.

సరే. మీరెప్పుడైనా ఇక్కడి హాకర్ సెంటర్లకు వస్తే, బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే, దాన్ని కదపకండి. ఆ చోటుకు మనిషి ఉంది, తిరిగి వస్తుంది. జొహ్రాను ఒకసారి తలుచుకుని వేరే బల్ల చూసుకోండి.