కుషన్ మేస్త్రి కుట్టిన హెడ్‌ఫోన్లు

కార్ల సీట్లకి తొడుగులు కుట్టే కుషన్ మేస్త్రికి నోరు పెద్దది. కుట్టుమిషను మోత మీంచి మాట్లాడి మాట్లాడి అలా అయిందని ఆయనంటాడు. పెళ్ళిచూపులనాడే అంత ఉందని ఆయన భార్య అంటుంది. ఆ నోటికి తగ్గ నాలుక. పని ఎలా సాగుతోందని ఎవరన్నా పలకరిస్తే చాలు, "నలుగుర్నీ కూర్చోబెట్టే పని, నన్ను నిలబెడుతోంది" అనేవాడు. తొడుగు ఎన్నాళ్ళొస్తుందని బేరగాళ్ళు అడిగితే "తొడుగొస్తుంది, మీ కారే రాదు" అనేవాడు. వాళ్ళు నవ్వకపోతే వాళ్ళ వంతు కూడా తనే నవ్వేవాడు.

అలాంటి మనిషికి ఈ మధ్య మాటలు కరువయ్యాయి. కూతురికి చెవులు పోతున్నాయి.

కూతురిని ఇంట్లో అందరూ అమ్మడు అంటారు. ఇరవయ్యేళ్ళ పిల్ల. మందుల గోడౌన్‌లో పెట్టెల మీద చీటీలు అంటించే ఉద్యోగం. ఇంటికొచ్చాక పాత కంప్యూటరు ముందు కూర్చుని పాటలు కడుతుంది. పాటంటే అందులో గొంతుండదు, తీగుండదు, తోలుండదు. అంతా కంప్యూటరు కడుపున పుట్టిన మోతే. మొదట్లో మేస్త్రి గోడకి ఇవతల నుంచి "దారి తప్పిన రైలేదో మనింట్లోకొచ్చినట్టుంది, టిక్కెట్టుందా అమ్మడూ" అని అరిచేవాడు. అవతల నుంచి "నువ్వు టిక్కెట్టు లేకుండా వింటున్నావు నాన్నా, జరిమానా కట్టు" అని జవాబొచ్చేది. ఆ జవాబులు తగ్గాయి. పొగరనుకున్నాడు. పొగరైతే బాగుండేది.

చెవి డాక్టరమ్మ ఒక కాగితం చూపించింది. దాని మీద గీత ఎడమవైపు బుద్ధిగా నడిచి, కుడివైపుకొచ్చేసరికి కొండ మీంచి కాలుజారినట్టు కిందికి పడిపోయింది.

"సన్నని శబ్దాలు ముందు పోతాయి. లావు శబ్దాలు ఆఖర్న," అంది డాక్టరమ్మ. "ఎప్పటిదాకా ఉంటాయంటే చెప్పలేను. నెలలు పట్టొచ్చు. ఒక్కోసారి ఒక్కపూటలోనే దిగిపోవచ్చు."

"అయితే బేస్ ఉంటుందన్నమాట," అంది అమ్మడు.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. మేస్త్రికీ కాలేదు. ఆయన పనిలో బేసంటే సీటు అడుగున బిగించే చెక్క. బయటికొచ్చాక ఆ మాటే అన్నాడు, "బేసు గట్టిదైతే పైన ఏది పోయినా మళ్ళీ కుట్టుకోవచ్చు" అని. అమ్మడు మెట్ల మీద ఆగి ఆయన మొహంలోకి చూసింది. "అదే నాన్నా. అచ్చంగా అదే," అంది.

ఆ సాయంత్రమే భార్య ఇంట్లో ఒక చట్టం చేసింది: ఇకమీదట చెవి మాట ఎత్తే సామెతలేవీ వద్దు. అప్పుడు తెలిసింది మేస్త్రికి, తన సరుకులో సగం చెవుల మీదే నడుస్తోందని. "గోడలకి..." అని ఆగాడు. "ఈ కబురు నా ముక్కున పడింది" అన్నాడొకసారి. "నా మాటని పెడ... పెడమోకాలిన పెట్టకు" అన్నాడింకోసారి. అమ్మడు ఆయన పెదాలు చదివి నవ్వింది.

"పెడచెవి అనొచ్చులే నాన్నా. నాకిప్పుడు రెండూ పెడచెవులే."

ఆ ఒక్క జోకుకి మేస్త్రి నవ్వలేకపోయాడు.

వినికిడి మిషను కొన్నారు. ఇంట్లో ఉన్నదంతా దానికే పోయింది. మాటలకి అది కొంత సాయపడింది గానీ పాటని మాత్రం రేకుడబ్బాలో పోసి గిలకొట్టినట్టు వినిపించేది. అమ్మడి దగ్గర ఒక పాట సగంలో ఉంది. "దీని బేస్, ఈ కింది లావు మోతంతా, నేనే సరిచూసుకోవాలి. ఇంకొకళ్ళ వినికిడితో కాదు, నా వినికిడితోనే. ఉన్నప్పుడే," అంది. అందుకు మంచి హెడ్‌ఫోన్లు కావాలి. చేతికందే ధరలో ఉండాలి, కింది మోత బాగా పలకాలి.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ హెడ్‌ఫోన్లు అమ్మే కొట్టుకి వెళ్ళారు. కౌంటరు వెనక కళ్ళజోడు దించుకుని ఒకావిడ కూర్చునుంది.

"ఏం చూపించమంటారు?"

"బేసు," అన్నాడు మేస్త్రి. కొట్లో నలుగురూ తిరిగి చూశారు.

"ఫోన్ మాటలకా, పాటలకా?"

"పాటలంటే పాటలు కావు. సమ్మెట దెబ్బలు."

"ఎలక్ట్రానిక్ మ్యూజిక్కండీ," అంది అమ్మడు.

ఆవిడ అద్దాల బీరువాలోంచి నిగనిగలాడేది ఒకటి తీసింది. "ఇది పెట్టుకుంటే బయటి శబ్దం ఒక్కటీ లోపలికి రాదు."

"ఆ పని నా చెవులు ఊరికే చేసి పెడుతున్నాయండీ," అంది అమ్మడు.

ఆవిడకి ఎటు చూడాలో తెలియలేదు. గబగబా దాన్ని లోపల పెట్టేసి చిన్నది ఇంకోటి తీసింది. చవకది, తేలికది. "ఇది చెవి మీద చక్కగా కూర్చుంటుంది."

"కూర్చోడం నా సబ్జెక్టు," అని మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకుని కూతురి చెవికి ఆనించి చూశాడు. "కూర్చోలేదమ్మా ఇది. గొంతుక్కూర్చుంది. ఎప్పుడు లేచిపోదామా అని చూస్తోంది."

ఆవిడ ఈసారి నవ్వింది. వంగి, అడుగు అరలోంచి దుమ్ముపట్టిన పెట్టె లాగింది. నల్లటి, లావుపాటి జత. "పేరున్న కంపెనీ కాదు. మొద్దుగా ఉంటుందని ఎవరూ అడగరు. కానీ చూడండి, చెవిని మొత్తం కప్పేస్తుంది, ఈ గిన్నెలాంటి డిప్ప వెనక కూడా మూతే. గాలి బయటికి పోదు కాబట్టి బేస్ పోదు. మీ ధరలో దీన్ని మించింది నా దగ్గర లేదు."

ఈ మాటలు చెప్తున్నప్పుడు మేస్త్రి పక్కనే ఉన్నాడు గానీ మనసంతా బొటనవేలి కొసన ఉంది. ఆ వేలు చెవి మెత్తల్ని నొక్కి చూస్తోంది. చవక రెక్సిన్, చెమటపట్టే రకం. ఆరు నెలల్లో పొట్టు రేగుతుంది. "కుట్టినవాడెవడో గానీ వాడికి పిల్లల్లేరు," అని గొణిగాడు.

అమ్మడు వినికిడి మిషను తీసి జేబులో పెట్టుకుంది. ఫోన్‌లో తన సగం పాట పెట్టి, డిప్పలు చెవులకి తగిలించుకుని కళ్ళు మూసుకుంది. ముందు గడ్డం కదిలింది, తర్వాత భుజం. కొట్టంతా వినిపించేంత గట్టిగా అంది: "ఉంది నాన్నా. కింద అంతా ఉంది."

ఆ జతే కొన్నారు.

భోజనాల వేళకి అది తీసేసరికి అమ్మడి చెవులు ఎర్రబడి తడిసి ఉన్నాయి. "పర్లేదు," అని చున్నీతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. మేస్త్రికి పర్లేదు కాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎవరెవరి వీపులకో చెమట పట్టకుండా చూసినవాడు, సొంత కూతురి చెవులు ఉడికిపోతుంటే ఎలా ఊరుకుంటాడు?

ఆదివారం పొద్దున్నే, ఆ పిల్ల లేవకముందే, ముందుగదిలోని కుట్టుమిషను దగ్గర కూర్చున్నాడు. ఖరీదైన కారొకదానికి కుట్టగా మిగిలిన తోలు ముక్క అల్మారాలో ఉంది. సూదిమొనలంత చిల్లులతో గాలి ఆడే తోలు. దాన్ని తనవాళ్ళకెవరికైనా వాడాలని రెండేళ్ళుగా దాచాడు. లోపలికి గాలాడే స్పాంజి. ఆ పనిలో పద్ధతేమిటంటే, పాత తొడుగుని కుట్టు వెంబడి కోసి, ముక్కలుగా పరిచి, ఆ ముక్కల్నే కొలతగా పెట్టుకుని కొత్తది కత్తిరిస్తారు. అలాగే కోశాడు, అలాగే కత్తిరించాడు. జన్మలో తను కుట్టిన అతి చిన్న సీట్లు అవి. కుట్టు ఎక్కడ మొదలైందో తనకే దొరకనంత బాగా వచ్చాయి.

అమ్మడు లేచి వచ్చి వాటిని బుగ్గకి ఆనించుకుంది. "అబ్బ, ఎంత మెత్తగా ఉన్నాయో," అంది. పెట్టుకుంది. పాట మొదలెట్టింది.

మేస్త్రి చేతులు కట్టుకుని, మెప్పు కోసం నిలబడ్డాడు.

అమ్మడు శబ్దం పెంచింది. ఇంకా పెంచింది. వైరు పీకి మళ్ళీ గుచ్చింది. పాట మొదటికి తెచ్చింది. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, వైరుని చుట్టలు చుట్టి, చివర ముడేసింది.

"దిగిపోయింది నాన్నా."

"ఏంటమ్మా?"

"బేస్. రాత్రి ఉంది. ఇప్పుడు లేదు. ఒక్కపూటలో దిగిపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది కదా."

తల్లి వంటింట్లోంచి తడిచేతులతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. నీళ్ళు చేతుల మీంచి నేల మీద పడుతున్నాయి.

ఏం చెయ్యాలో తెలియక, చేతులకి ఏదో ఒక పని కావాలి గనక, మేస్త్రి ఆ ముడి విప్పి, వైరు మళ్ళీ గుచ్చి, పాట పెట్టించి, హెడ్‌ఫోన్లు తను తగిలించుకున్నాడు. ఆ పాట ఆయన గోడకి ఇవతల నుంచి ఏడాదిగా వింటున్నదే. సమ్మెట ఎక్కడ పడుతుందో తెలుసు. ఆ చోటు వచ్చింది. సమ్మెట పడలేదు, పెన్సిలు పడింది. డిప్పల్ని అరిచేతులతో గట్టిగా అదిమాడు. సమ్మెట పడింది. చేతులు వదిలాడు. పెన్సిలు.

మళ్ళీ అదిమాడు, మళ్ళీ వదిలాడు. అప్పుడు కొట్టావిడ మాట నిన్నటి నుంచి నడిచి నడిచి ఇప్పటికి చేరింది.

కూతురి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, పెదాలు కనపడేలా ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "నీ చెవులు కావమ్మా. నా తోలు. చిల్లుల్లోంచి గాలి పోతోంది, గాలితో పాటు నీ బేసూ పోతోంది. కొట్లో ఆవిడ చిలక్కి చెప్పినట్టు చెప్పింది, నేనే పెడచెవిన పెట్టాను."

భార్య చట్టం ముక్కలైంది. ఎవరూ పట్టించుకోలేదు.

"నిజంగానా?"

"నేను వెధవ పని చేశాను. ఒట్టు. ఇంత వెధవ పని ఇన్నేళ్ళలో చెయ్యలేదు."

తన తప్పు దొరికిందని అంత సంబరపడ్డ పనివాణ్ణి ఎవరూ చూసి ఉండరు. పాత మెత్తలు ముక్కలై బల్ల మీద పడున్నాయి, అవి ఇక అతకవు. చిల్లు లేని మందపాటి రెక్సిన్ తీశాడు, గాలి దూరని స్పాంజి తీశాడు. అమ్మడు కుర్చీ ఉన్నా కూర్చోకుండా మిషను పక్కనే నిలబడింది. గంటలో కుట్టాడు. పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"ఉంది," అంది. తర్వాత నవ్వుతూ, ఏడుస్తూ, ఆయన భుజం మీద గుప్పిటతో నాలుగు దెబ్బలేసింది. "చంపేశావు కదా నాన్నా. చచ్చి బతికాను కదా."

ఆ తర్వాత మూడు వారాలు ఆ ఇంట్లో పాట నడిచింది. అమ్మడు గోడౌన్ నుంచి రావడం, మొహం కడుక్కోవడం, డిప్పలు తగిలించుకోవడం. సన్నని శబ్దాలు తనకి వినపడవు గనక వాటిని ఎప్పుడో తీసేసింది. పాటంతా కిందికే దించి కట్టింది. మధ్యమధ్య తండ్రిని పిలిచి పక్కన కూర్చోబెట్టి, "ఇక్కడ బరువెక్కువైందా?" అని అడిగేది. మేస్త్రి విని, "ఇద్దరు కూర్చోవాల్సిన చోట ముగ్గురు కూర్చున్నారు," అనేవాడు. అమ్మడు ఒకణ్ణి లేపేసేది. అలా పాట చివరికొచ్చింది. ఆఖరి నిమిషం ఒక్కటే మిగిలింది.

ఒక మధ్యాహ్నం అమ్మడు గోడౌన్ నుంచి పెందలాడే వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా కంప్యూటరు దగ్గరికెళ్ళింది. కాసేపటికి హెడ్‌ఫోన్లూ ఫోనూ పట్టుకుని ముందుగదిలోకొచ్చింది.

"నాన్నా, మళ్ళీ గాలి పోతోంది. కుట్టెక్కడో వదిలినట్టుంది, చూడు."

మేస్త్రి చేతిలో పని పక్కన పెట్టి వాటిని తగిలించుకున్నాడు. అమ్మడు పాట పెట్టింది.

సమ్మెట పడింది. దవడ ఎముక అదిరింది, వెనక పళ్ళు అదిరాయి. చుక్క గాలి పోవడం లేదు.

తీసి, మెత్త అంచు వెంబడి బొటనవేలి గోరు పోనిచ్చాడు. చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చింది గోరు. ఒక్క పోగు వదల్లేదు. రెండోది చూశాడు. అదీ అంతే. తల ఎత్తడానికి భయమేసి ఇంకోసారి చూశాడు. వినికిడి తగ్గిన దగ్గర్నుంచీ ఆ పిల్ల మనుషుల్ని మొహాల్లోంచే వింటోంది, ఇప్పుడు ఆయన మొహం వింటోంది.

"అవునమ్మా," అన్నాడు తలెత్తి. "ఇదిగో, ఇక్కడ వదిలింది. తొందరపడి కుట్టాను ఆ రోజు."

"నిజంగానా?"

"నా తప్పు నాకు తెలీదా?"

కుట్లు విప్పే చిన్న కత్తి తీశాడు. దాని కొన దూర్చడానికి సందు దొరకలేదు, అంత బిగువుగా ఉంది కుట్టు. మెలితిప్పి దూర్చాడు. పోగు సాగి, నిలబడి, టప్పున తెగింది. రెండోది కోశాడు. మూడోది.

అమ్మడు పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఈ గదిలో, ఈ మిషను కిందే పాకి పెరిగిన పిల్ల. వదిలిన పోగు ఎలా ఉంటుందో, బిగువైన పోగు తెగితే ఎలా ఉంటుందో ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన వేళ్ళనే కాసేపు చూసింది. తర్వాత రెండో డిప్పకున్న మెత్త తనే ఊడదీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఇదీ వదిలినట్టుంది నాన్నా."

"ఆఁ. వదిలింది."

"మెల్లగా కుట్టు," అంది అమ్మడు. "తొందరేం లేదు."