ఐలవ్వ తమ్ముడి నెత్తురు

చికున్‌గున్యా వచ్చిన ఏడాది గోదావరిఖనిలోని మా కాలనీలో గోడ పట్టుకొని లేచినవాళ్లే, గోడ పట్టుకొని నడిచినవాళ్లే. మా బాపు ఒక్కడే రోజూ గనిలోకి దిగాడు. రెండేళ్ల తర్వాత హైదరాబాదు పరిశోధకులు పరీక్షిస్తే, ఆ వైరస్ ఆయన ఒంట్లోనూ చొరబడిన జాడ దొరికింది. దోమ కుట్టింది, జబ్బు మాత్రం తలెత్తలేదు. పుట్టుకతో వచ్చిన కాపలా ఏదో దాన్ని ఆపిందని, అది వంశంలో ఎలా దిగివస్తుందో చూడాలని వాళ్ల పెద్ద జగదీశ్వర్ సారు అన్నారు.

నలభై కుటుంబాల నెత్తురు సేకరించే పని నాకిచ్చారు. బాపు తోబుట్టువులెవరని అడిగితే బెల్లంపల్లి కాకలిద్దరి పేర్లూ నేనే చెప్పాను. పెళ్లికీ చావుకీ మా ఇంట నిలబడే మనుషులు, అనుమానమెందుకు? జబ్బు చూసే పరీక్షే కదా అని బాపు ఊరుకున్నాడు.

ఫలితం వచ్చింది. కాకలిద్దరూ ఒక తల్లి బిడ్డలే. బాపు పేరున్న సీసా మాత్రం పరాయిది. నేనే సీసాలు తారుమారు చేశానని సారు తేల్చారు. సోమవారం నుంచి రావద్దన్నారు. నేను తెచ్చిన నమూనాలన్నీ పారబోస్తామన్నారు.

ఇంట్లో చెప్పగానే అమ్మ తలుపు మూసింది. అప్పుడు తెలిసింది నాకు: గని కొలువుకు పిలుపొచ్చిన లింగమూర్తి మగ్గాల పనికని భివండికి వెళ్లిపోతే, ఆ పేరుతో దిగినవాడు మా బాపు. అసలు లింగమూర్తి తమ్ముళ్లే ఆ కాకలు. ఇక్కడ అలా దిగినవాళ్లు ఇంకా ఉన్నారు. రిటైర్మెంటుకు పది నెలలే ఉన్నాయి, నోరు విప్పవద్దని అమ్మ బతిమాలింది. నేను సరేనన్నాను. బాపు అనలేదు.

పొద్దున్నే సారు ముందు నిలబడ్డాడు.

"నా బిడ్డ ఏం మార్చలె సారూ. నేను లింగమూర్తిని కాదు, నర్సింగాన్ని. మా అక్క ఐలవ్వ రామగిరిల ఉన్నది. ఆమె నెత్తురు తీసి చూడుండ్రి."

సారు గొంతు తగ్గించారు. నమూనాలు సరిగానే ఉన్నాయని రాస్తే చాలునని, కారణం అక్కరలేదని అన్నారు. నేను బాపు చొక్కా లాగాను. ఆయన నా వైపు చూడలేదు.

"కారణం లేకుంటే తప్పు పిల్ల మీదనే ఉంటది. రాయుండ్రి."

"నౌకరీ పోతే?" అన్నాను నేను.

"ఇరవై ఎనిమిదేండ్లు బొగ్గు తీసింది గీ చేతులు. పేరు గాదు. అడగనీ, జవాబు చెప్త."

సారు రాశారు. బాపు సంతకానికి కలం అందుకున్నాడు. అన్నేళ్లుగా రాయని పేరు. ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగి, గట్టిగా నొక్కి, పూర్తిచేశాడు. సారు ఫైలు మూయబోతే ఆపి, చదివి వినిపించమన్నాడు. చేతులు కట్టుకోకుండా విన్నాడు.

సారు ఖాళీ సీసాల పెట్టెను నా వైపు జరిపారు.

"నడువు బిడ్డా," అన్నాడు బాపు, "మీ మేనత్త పొలం పోకముందే అందుకోవాలె."