నూటికి పద్నాలుగు లీటర్లు

ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టి చిల్లర లెక్కపెట్టినవాణ్ణి. నాకు లెక్కలు రావని ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది. రిటైరయ్యాక కోయిలకుంట్లలో మా అరుగు మీద కూర్చుని ఫోన్లో షేర్ల పాఠాలు వినడం మొదలుపెట్టాను. నాలుగు నెలలు తిరిగేసరికి మా వీధిలో నా అంత తెలివైనవాడు లేడని నాకే అనిపించింది.

ఆ తెలివితోనే మా ఆవిడ రెజీనా పాడిగేదెను అమ్మేద్దామనుకున్నాను. ఆ ఎనుము ఆమెది. గాజులు కుదువబెట్టి కొనుక్కుంది, పాలమ్మి గాజులు విడిపించుకుంది. దానికి జ్వరమొస్తే చర్చిలో దాని పేరున ప్రార్థన చేయించిన మనిషి. అయినా నేను ఆమెను అడక్కుండానే పక్కూరి ఓబులేసుకు ఎనభై వేలకు మాటిచ్చేశాను. సోమవారం వచ్చి తోలుకుపోతానన్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక సంగతి చెప్పాను. అరుస్తుందనుకున్నా. ఆమె బియ్యం చాట ముందేసుకుని కూర్చుంది.

"ఎనుమును అమ్మి ఏం కొంటావు?"

"పైపుల కంపెనీ షేర్లు. లాభంలోంచి కంపెనీ మనకు పంచేదాన్ని డివిడెండు అంటారు. షేరు నూరు రూపాయలు, ఈ ఏడు పద్నాలుగు పంచిండాది. నూటికి పద్నాలుగు! దాన్నే ఈల్డు అంటారు. బ్యాంకోళ్లు అందులో సగం గూడా ఇయ్యరు."

"పోయిన నెల నూటనలభై అంటివే ఆ షేరు?"

"పడింది. అందుకే ఈల్డు పెరిగింది! అప్పుడు నూటికి పదే, ఇప్పుడు పద్నాలుగు. ఇంకా పడితే ఇంకా పెరుగుతాది."

నేను చప్పట్లు కొట్టాను. ఆమె కొట్టలేదు.

"అగ్గవకు ఇస్తాండారంటే ఏదో రోగముందని కదయ్యా. సరే, నేను ఎనుమును కొనేటప్పుడు అడిగినట్లే అడుగుతా. నువ్వు జవాబు చెప్తే తోలుకుపోనీ. ఎన్ని ఈతలైనాయి దానికి, ఎన్నితూర్లు ఈనింది?"

కంపెనీకి ఈతలేమిటని విసుక్కోబోయి, ఏ ఏడాది ఎంత పంచారో చూపించే పట్టిక తీశాను. "ఆరేండ్లు."

"ఈత ఈతకూ ఎంత ఇచ్చింది?"

"రెండు రూపాయలు. రెండు. ఆ తర్వాతేడు ఏమీ లేదు."

"వట్టిపోయింది. ఊఁ."

"మళ్లీ రెండు. రెండు. ఇప్పుడు పద్నాలుగు!"

రెజీనా చాట పక్కన పెట్టేసింది. "ఎన్నడూ రెండు లీటర్లు దాటని ఎనుము ఒకేతూరి పద్నాలుగిస్తే నమ్ముతావా నువ్వు? రెండు పూటలు పిండకుండా ఆపి, పొదుగు నింపి సంతకు తోలుకొచ్చినారు. నువ్వు పొదుగు చూసి మురిసిపోతాండావు. ఆ పద్నాలుగు యాడనుంచి వచ్చిందో చూడు ఫో."

కళ్లద్దాలు తుడుచుకుని గంటసేపు వెతికాను. చీమ తలకాయంత అక్షరాల్లో దొరికింది. కంపెనీ తన పాత గోడౌను స్థలం అమ్ముకుంది. ఆ డబ్బులోంచి పన్నెండు రూపాయలు ఈ ఒక్కసారికే పంచింది. పైపుల లాభం మీద ఇచ్చింది ఎప్పటిలాగే రెండు. అంటే నూటికి రెండు. ఫోన్లో పాఠాలు చెప్పినవాడు పట్టిక మొత్తం చూడమని మొత్తుకుంటూనే ఉన్నాడు, నేనే చివరి వరస చూసి ఎగిరాను.

నాకు నిజంగా సిగ్గేసింది. రెజీనా పోయి ఎనుముకు మేత వేసి, దాని మెడ నిమురుతూ చాలాసేపు అక్కడే నిలబడింది. ఆమె ఎంత భయపడిందో నాకప్పుడు తెలిసింది.

సోమవారం పొద్దున్నే ఓబులేసు పలుపు తాడు భుజానేసుకుని దిగాడు.

"అమ్మడం ల్యా అప్పా, ఏమీ అనుకోవద్దు," అన్నాను.

"అట్లంటే ఎట్లా యేసుప్రసాదన్నా? దుడ్లు గూడా తెస్తి."

"అంత డబ్బు యాడిదప్పా నీ కాడ?"

"పైపుల కంపెనీ షేర్లు ఉండె. ఏడాదికి రెండ్రూపాయలు ఇస్తాండె, గమ్మునుంటి. ఒకేతూరి పద్నాలుగు ఇచ్చేసరికి నాకు భయమేసింది. పోయిన నెల నూటనలభై కాడ అన్నీ అమ్మేస్తి. ఆ రేటుకు ఎగబడి కొన్నోళ్లు గూడా ఉండారన్నా, వాళ్ల పిల్లలు సల్లగుండాలా!" అని పగలబడి నవ్వాడు.

నేను కూడా నవ్వాలని చూశాను. నవ్వు రాలేదు.

పాల చెంబుతో వస్తున్న రెజీనా ఆగిపోయి, నా మొహంలోకి చూసింది.

"ఎన్ని కొన్నావు?" అంది.

"యాభై," అన్నాను.