భుజం చెప్పిన బరువు

గంజి వార్చి, గిన్నె అంచుకు అంటిన మెతుకులు వేలితో తుడిచి, యల్లమ్మ పొయ్యిలోని కట్టెను వెనక్కి లాగింది. సగం కాలిన కట్టెను ఆమె ఎన్నడూ పారేయదు. నీళ్లు చిలకరించి గోడవారన ఆనిస్తుంది. సాయంత్రం పొయ్యికి అదే మొదటి కట్టె.

నల్లమల లోపల, రోడ్డుకు ఆరు కిలోమీటర్ల పైన, అడవిశాఖ వాళ్ల క్యాంపు అది. అయిదుగురు కాపలావాళ్లకు పదకొండేళ్లుగా ఆమే వండిపెడుతోంది. యాభై ఏడేళ్ల పొట్టి మనిషి. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి దిగి ఉంటుంది. నీళ్ల బిందె, కట్టెల మోపు, గొడ్డలి, అన్నీ ఆ భుజానికే.

బయట సురేష్ చెప్పులేసుకుని నిలబడ్డాడు. కాపలావాళ్లలో చిన్నవాడు, పెండ్లయి ఏడాది.

"అత్తా, మాన్లు కోసే మిషను నేనొక్కణ్ణే పోయి తెస్తా గదా. నీకెందుకీ తిప్పలు?"

"నువ్వు తెచ్చేది నాకు తెలుసులేరా. దున్నపోతంతది తెస్తావు. మోసేది నేను."

చుట్టకుదురు చంకన పెట్టుకుని ఆమె ముందు నడిచింది. మొగుడి పాత పంచె చింపి చుట్టిన కుదురు అది.

దారిని చూసుకోవడం ఎవరి ఉద్యోగమూ కాదు. నాలుగేళ్ల కింద, శ్రావణంలో, ఆమె మొగుడు యల్లయ్యకు గుండెలో నొప్పి వచ్చింది. అతనూ ఈ క్యాంపు కాపలావాడే. దుప్పటిని వెదురుకు కట్టి డోలీ చేసి నలుగురు మోశారు. రెండో మలుపు దగ్గర నల్లమద్ది మాను దారికి అడ్డంగా పడి ఉంది. ఒక పక్క లోయ, ఒక పక్క బండ. డోలీ దించారు. గొడ్డలి కోసం ఒకడు వెనక్కి పరుగెత్తాడు. వాడు వచ్చి మాను నరికేదాకా యల్లమ్మ మొగుడి పాదాన్ని ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ కూచుంది. మాను విడిపోయేసరికి పాదం చల్లబడింది. మర్నాటి నుంచి ఆమె గొడ్డలి లేకుండా ఆ దారిలో అడుగు పెట్టలేదు.

పోయిన వారం బీటు ఆఫీసరు అరుణకుమారి వచ్చినప్పుడు, క్యాంపును రోడ్డు పక్కకు దించేస్తామంది. దారి మూసుకుపోతోంది, ఎవరు చూస్తారు అంది.

"క్యాంపు దిగితే పూర్తిగా మూసుకుంటదమ్మా. పైన గూడెంలో పన్నెండిండ్లుండాయి. కాన్పులొస్తాయి, జరాలొస్తాయి. వాళ్లు ఏ దారిన దిగాల?"

"గొడ్డలితో నువ్వొక్కదానివి ఎంతని కొడతావు యల్లమ్మా?"

"అయితే కోసే మిషను ఇప్పించండి. దసరాకు వచ్చి చూడండి. దారిలో ఒక్క మాను అడ్డముంటే ఆ పొద్దే దించుకోండి. నేనే గిన్నెలు మోసుకొస్తా."

చిన్న మిషనుకైతే డబ్బు ఇప్పిస్తానంది ఆఫీసరు.

ఈ ఉదయం రెండో మలుపు దగ్గర మళ్లీ మాను పడి ఉంది. ఈసారి వేగిస. రాత్రి గాలికి వేళ్లతో లేచి దారి మీద వాలింది. విరిగిన చోట ఎర్రగా జిగురు కారుతోంది. ఇద్దరూ బండ పట్టుకుని పాకి అవతలికి దిగారు. దిగాక యల్లమ్మ ఎడమ చేతిని మోచేతి పైన గట్టిగా నొక్కుకుంది. నెల నుంచి ఎక్కినప్పుడూ దిగినప్పుడూ ఆ చెయ్యి రాయిలా బరువెక్కుతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే కింద ఉండిపొమ్మంటారు.

గిద్దలూరులో మహబూబ్ బాషా దుకాణం నిండా మందు కొట్టే పంపులు, మోటార్లు. ఆయన అద్దాలు పైకి నెట్టి సురేష్‌నే అడిగాడు.

"ఏ పనికి బాబూ?"

"అడవిలో దారి కోసేదానికి. ఆ పెద్దది చూపియ్, ఇరవై రెండించులది."

"దారికీ, పొయ్యి కట్టెలకీ" అంది యల్లమ్మ. "ఆ చిన్నది దించన్నా."

"ఇది పన్నెండించులది అక్కా. తోటల్లో కొమ్మలు కోసుకునేటోళ్లు కొంటారు. లావు మాన్లకు ఆగదు."

"మానుకు రెండు పక్కలుంటాయి గదన్నా. ఈ పక్కనుంచి సగం, ఆ పక్కనుంచి సగం."

బాషా నవ్వి చిన్న మిషను బల్ల మీద పెట్టాడు. యల్లమ్మ దాని పళ్లు చూడలేదు, బ్లేడు చూడలేదు. భుజం మీద కుదురు పెట్టుకుని, దాని మీద మిషను ఎత్తుకుని, మెట్లు దిగి బజారున పడి నడిచింది.

"అక్కా! అక్కా, ఇంకా బిల్లు కాలే!" బాషా బల్ల దాటి వచ్చేశాడు. టీ అంగడి ముందున్నవాళ్లు లేచి చూశారు.

"దొంగదాన్ని కాదులే అన్నా, మా వాణ్ణి నీకాడ తాకట్టు పెట్టిన!" అని ఆమె వెనక్కి తిరగకుండానే అరిచింది. బజారు నవ్వింది. సురేష్ తల వంచుకున్నాడు.

బజారు చివరిదాకా పోయి వచ్చింది. పెద్ద మిషనునూ ఎత్తుకుని అంతే దూరం నడిచింది. వచ్చేసరికి పెదవులు తెల్లబడ్డాయి. బల్ల పట్టుకుని నిలబడి, మాట వచ్చేదాకా ఆగింది.

"ఇది కోసేది పావుగంట, మోసేది ఆరు కిలోమీటర్లు. ఈ పెద్దది రెండో మలుపు కాడికే నన్ను కూలేస్తది. చిన్నదియ్."

"మోసేది నువ్వా అక్కా?" బాషా గొంతు మారింది. "కోసేది?"

"అదీ నేనే."

తాడు లాగింది. మిషను దగ్గి ఊరుకుంది. మళ్లీ లాగింది. టీ అంగడి నుంచి ఎవడో "రాట్నం కాదు పెద్దమ్మా!" అన్నాడు. బాషా వాణ్ణి కసిరి, మిషనును నేల మీద పెట్టి, ముందు పిడిని ఎడమ చేత్తో అదిమి, వెనక పిడి మీద కాలు ఆనించి చూపాడు. మూడోసారికి అది అరిచింది. ఆ చప్పుడులో యల్లమ్మ టీ అంగడి వైపు తిరిగి, ఆపకుండా కాసేపు అరిపించింది.

"పళ్లు మొద్దుబారితే పైన పదును ఎవురు పెట్టిస్తారు? ఆకురాయి ఒకటియ్యన్నా. ఎట్ల రాయాల్నో చూపియ్."

ఇంతవరకు తనను ఆ సంగతి ఎవరూ అడగలేదన్నాడు బాషా. ఆకురాయి ఊరికే ఇచ్చాడు.

వాళ్లు మళ్లీ రెండో మలుపు చేరేసరికి పొద్దు కొండ మీదికి వాలింది. పెట్రోలు డబ్బా సురేష్ చేతిలో, మిషను ఆమె భుజాన.

"ఇట్లియ్ అత్తా, నేను కోస్తా."

"రేపు నువ్వే కోద్దువు. ఈ పొద్దు దీనికీ నాకూ లెక్కుంది."

రెండు చివరలా ఆనుకున్న మాను మధ్యలో కోస్తే కుంగుతుందని, బ్లేడును కరిచి పట్టుకుంటుందని ఆమెకు తెలుసు. పైన నాలుగు వేళ్ల లోతు కోసి ఆపింది. మిగిలింది ఆ పక్కా ఈ పక్కా కిందినుంచి కోసుకొచ్చింది. ఎర్రటి పొట్టు ఆమె పాదాల మీద కుప్పపడింది. మరో చోటా అట్లే కోసింది. నడిమి ముక్క ధబ్బున నేలబడింది. సురేష్ దాన్ని కాళ్లతో లోయలోకి దొర్లించాడు. మంచం పట్టేంత దారి తెరుచుకుంది.

పక్కనే ఎండిపోయి ఉన్న కొమ్మలను కోసి మోపు కట్టించింది.

"ఇది తీస్కపో. వాళ్లు ఆకలితో వచ్చింటారు. గోడకాడ సగం కట్టె ఉంది, ముందు అది పెట్టు."

"నువ్వు?"

"పళ్లకు జిగురు పట్టింది. రాసుకుని వస్తా. నువ్వు పదా."

అతను ఎక్కుతుంటే వెనకనుంచి ఆకురాయి చప్పుడు వినిపించింది. మెల్లగా, ఒకే తీరున. పై మలుపు తిరిగాక వినపడలేదు. దూరమైందేమో అనుకున్నాడు.

అన్నం ఉడికినా ఆమె రాలేదు. మసక వెలుతురులో సురేష్ దిగివచ్చేసరికి, కోసిన మొద్దుకు వీపు ఆనించి కూచుని ఉంది. ఆకురాయి ఇంకా గుప్పిట్లోనే ఉంది.

క్యాంపు నుంచి దుప్పటి, వెదురు తెచ్చి నలుగురు డోలీ ఎత్తారు. కోసిన మాను సందులో ముందున్న ఇద్దరూ అలవాటుగా నడక తగ్గించారు. తగ్గించాల్సిన పని లేకపోయింది. రోడ్డు దాకా డోలీని ఎక్కడా దించలేదు. గంటలోపే దిగారు. అంబులెన్సు మనిషి ఆమె మణికట్టు పట్టుకుని చూసి, నెమ్మదిగా దుప్పటి మీద పెట్టాడు.

తెల్లారి అరుణకుమారి ఆ దారినే నడిచి క్యాంపుకు వచ్చింది. క్యాంపు దించే మాట ఎత్తలేదు. మిషను ఎవరు మోస్తారని మాత్రం అడిగింది. సురేష్ లేచి, దాన్ని తెచ్చేందుకు కిందికి దిగాడు.

మిషను మొద్దు మీదే ఉంది, పళ్లన్నీ తెల్లగా మెరుస్తూ. పక్కన పాత పంచె కుదురు. మంచుకు తడిసినా, దాని నడుమ మిషను బరువుకు పడిన గుంట ఇంకా పూడలేదు.