రెండు వంతులు ఆగిన పీత

వీడియో గేము తెర మీద ఈశ్వరి పీత కదలకుండా కూర్చుంది. ఎదురుగా నాగవంశీ నిప్పుగద్ద దాని మీదికి రాలేదు. రెండు వంతులూ రెక్కలు విదిలించుకుంటూ తన బలం పెంచుకుంది, అంతే. మూడో వంతులో పీత తిరిగి కొట్టబోయింది. కానీ తిన్న దెబ్బే లేనప్పుడు తిరిగి ఇవ్వడానికి ఏముంటుంది? డెక్కలు గాలిలో ఆడించి ఊరుకుంది. తర్వాత గద్ద తీరిగ్గా రెండే దెబ్బలు కొట్టి దాన్ని పడేసింది. సిరిపురం హాల్లో జనం గొల్లున నవ్వారు. మైకులో ఆట వివరిస్తున్న అనూరాధ, "పీతగారు ధ్యానంలో ఉన్నట్టున్నారు" అంది. మళ్లీ నవ్వులు.

అది నిరుటి సంగతి. మొదటి రౌండులోనే ఓడిపోయి ఈశ్వరి జాలరిపేట బస్సెక్కింది.

ఈశ్వరికి ఇరవై మూడేళ్లు. తెల్లారేసరికి తల్లి తవిటమ్మతో హార్బరుకు వెళ్లి వేలంపాటలో చేపలు కొనడం, మధ్యాహ్నం దాకా మార్కెట్లో అమ్మడం, ఆ తర్వాత కంచరపాలెంలో బావ వీరేంద్ర నడిపే ఫోన్ల రిపేరు షాపులో పని. వీరేంద్ర ఆమె అక్క మొగుడు. ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్లీ తీసుకెళ్లని ఆటల మిషనొకటి అతనే ఆమె చేతిలో పెట్టాడు. వింత జంతువులను పెంచి, మూడేసి చొప్పున బరిలోకి దింపి, వంతులవారీగా పోరాడించే ఆట అది.

అందులో 'హోల్డ్' అని ఒక ఎత్తు ఉంది. అది వేసిన జంతువు రెండు వంతులు ఏమీ చేయకుండా దెబ్బలు తింటుంది. ప్రాణం మిగిలితే మూడో వంతులో, తిన్నదంతా రెట్టింపు చేసి తిరిగి ఇస్తుంది. ఆట మొదటి భాగం నుంచీ ఉన్నా పోటీల్లో ఎవరూ దాన్ని వాడరు. ఈశ్వరికి మాత్రం అదంటేనే ఇష్టం.

"ఆ హోల్డు తీసీయే" అన్నాడు వీరేంద్ర, ఓడిపోయి వచ్చిన మర్నాడు. "ఎదుటోడు కొట్టడం మానీసినాడంటే అది దేనికి పనికొత్తాది?"

"కొట్టేలాగ సేత్తాను బావా."

"ఎలాగ?"

"అదే తెలీటం లేదు."

రెండు నెలల తర్వాత హార్బరులో తెలిసింది. ఆ రోజు గురువులు అనే జాలరి బోటులో వంజరం చేపలు బాగా పడ్డాయి. పెద్ద షావుకారొకడు తక్కువ ధర చెప్పి, ఇక నోరు విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు. గురువులు కాసేపు అరిచాడు, కాసేపు తిట్టాడు, చివరికి చేపలు ఇచ్చేశాడు.

"ఇంకాసేపు ఆగొచ్చు గదే అమ్మా, ఎందుకిచ్చీసినాడు?" అంది ఈశ్వరి.

"ఎలాగ ఆగుతాడే? అడుగున ఐసు కరిగిపోతంది. ఆ కూసున్నోడికేటి, సాయంత్రం దాకా కూసుంటాడు."

ఈశ్వరి బుట్ట పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. "ఏటయిందే నీకు, నడు!" అని తవిటమ్మ అరిచేదాకా కదల్లేదు.

ఆ సాయంత్రమే కొత్తగా ఒక జెల్లీ చేపను పెంచడం మొదలుపెట్టింది. దాని విషం ఒకసారి ఎక్కితే వంతుకు ముప్పై చొప్పున ప్రాణం తింటూనే ఉంటుంది. ఇక పీత. అందరూ పీతకు డెక్కల బలం పెంచుతారు. ఈశ్వరి డెక్కలను వదిలేసి ఉన్నదంతా పెంకుకే పెట్టింది. నెలల తరబడి, రోజూ షాపు బల్ల దగ్గర, వీరేంద్ర నాగవంశీలాగే నిప్పుగద్దను దింపేవాడు. ఇద్దరూ ఆడేవారు. మొదట్లో అతనే గెలిచేవాడు. ఒకరోజు వరసగా మూడుసార్లు ఓడి, మిషను బల్ల మీద పెట్టి, "ఓలమ్మో!" అని మాత్రం అన్నాడు.

ఈ ఏడు ఈశ్వరి ఫైనల్‌కు వచ్చింది. గెలిచినవాళ్లు చెన్నైలో దేశం మొత్తం ఆడే పోటీకి వెళతారు. ఎదురుగా మళ్లీ నాగవంశీ. ఉక్కునగరంలో ఉంటాడు, తండ్రి స్టీల్ ప్లాంటులో పనిచేస్తాడు, రెండేళ్లుగా ఇక్కడ అతనిదే గెలుపు. తవిటమ్మ తన బుట్టను మార్కెట్లో పక్కన కూర్చునే సన్యాసమ్మకు అప్పజెప్పి వచ్చి, ముందు వరసలో వీరేంద్ర పక్కన కూర్చుంది.

"మళ్లీ పీతేనా అండీ?" అన్నాడు నాగవంశీ. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు.

"పీతే" అంది ఈశ్వరి.

చెరో రెండు జంతువులు పడిపోయాయి. ఈశ్వరి జెల్లీ చేప పడిపోయే ముందు నిప్పుగద్దను కుట్టింది. ఇప్పుడు గద్దకు మిగిలిన ప్రాణం నూట యాభై. పీతకు నిండుగా వంద. ఈశ్వరి హోల్డ్ నొక్కింది. నిరుటి సంగతి గుర్తున్నవాళ్లు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు.

నాగవంశీ నవ్వలేదు. అతని వేలు మీట మీద ఆగింది. నిరుటిలా కొట్టకుండా ఊరుకుంటే విషం ఐదు వంతుల్లో గద్దను తినేస్తుంది. కొడితే దెబ్బ తిరిగి వస్తుంది. మిగిలింది ఒక్కటే దారి, రెండు వంతుల్లో పీతను చంపేయడం. అతని నిప్పువాన ముందు ఏ పీతా ఇంతవరకు రెండు దెబ్బలకు మించి నిలవలేదు. గడియారం సున్నాకు వస్తుండగా నిప్పువాన నొక్కాడు.

పీత యాభై రెండుకు దిగింది.

"అల్లుడూ, దాన్ని కొట్టేత్తన్నారు! ఇదేటి ఊరికే కూసుంది?" అంది తవిటమ్మ గాభరాగా.

"ఆగత్తా, ఆగు" అన్నాడు వీరేంద్ర. నిప్పువాన ఒక్కోసారి మామూలు కన్నా గట్టిగా తగులుతుందని, అలా తగిలితే పెంకు ఎంత గట్టిదైనా లాభం లేదని అతనికి తెలుసు. ఈశ్వరికీ తెలుసు. అరచేతులు చెమటపడితే చున్నీకి తుడుచుకుంది.

రెండో నిప్పువాన పడింది. తెరంతా ఎర్రబడింది. పొగలో అంకె దిగుతూనే ఉంది. ముప్పై. పదిహేను. ఏడు.

మూడు దగ్గర ఆగింది.

నాగవంశీ నెమ్మదిగా కుర్చీలో వెనక్కి వాలాడు. పీత లేచింది. తిన్నది తొంభై ఏడు, ఇచ్చింది నూట తొంభై నాలుగు. విషంతో అప్పటికే తొంభైకి దిగిన నిప్పుగద్ద ఆ దెబ్బకు తెర అంచు దాకా ఎగిరి పడి, మళ్లీ లేవలేదు.

జనం ఒక్కసారిగా లేచారు. వీరేంద్ర కుర్చీ ఎక్కి ఈల వేశాడు. అనూరాధ మైకులో ఏదో అరుస్తోంది గాని ఆ కేకల్లో ఒక్క ముక్కా వినపడలేదు. ఈశ్వరి మాత్రం పీతకు మిగిలిన ఆ 'మూడు'నే చూస్తూ, రెండు చేతులతో నోరు మూసుకుని, ఏడుస్తూ నవ్వింది.

నాగవంశీ లేచి వచ్చి చెయ్యి చాపాడు. "మొత్తం పెంకుకే పెట్టేశారా అండీ? డెక్కలకి ఏం లేదా?"

"డెక్కలకేటీ లేదు. నువ్వు కొట్టిందే నీకిచ్చినాను."

అతను పెద్దగా నవ్వేశాడు. "చెన్నై వెళ్లేలోగా ఒకసారి నాకు నేర్పాలండి."

అనూరాధ మైకు తీసుకెళ్లి తవిటమ్మ ముందు పెట్టింది. "మీ అమ్మాయి గెలిచిందమ్మా, ఏమంటారు?"

తవిటమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, మైకు సంగతే పట్టించుకోకుండా, వేదిక మీది కూతురి వైపు చూసి కేకేసింది.

"ఒలే ఈశ్వరీ! మెడ్రాసు రైలు ఎన్ని గంటలకే? నాను కూడా వొత్తన్నాను!"